మన్నును చదివిన మనుష్యుడు
(సర్ ఆల్బర్ట్ హోవార్డు జీవిత చరిత్ర)

ధ్యాన భాగము: లూకా 13:6–9

ప్రభువు చెప్పిన ఉపమానములలో ఒకదానియందు ఫలింపని అంజూరపు చెట్టొకటి కలదు. మూడేండ్లు వెదకియు పండు దొరకనందున యజమానుడు దానిని నరికింప దలచెను. తోటమాలి మాత్రము ఇంకొక్క సంవత్సరము గడువు అడిగెను. ఆ గడువులో అతడు చేయదలచిన పనులు రెండే: చెట్టు మొదట మన్ను త్రవ్వుట, ఎరువు వేయుట. ఈ ఉపమానమునకు బోధకులు చెప్పు ఆత్మ సంబంధమైన భావము మనకందరికిని తెలిసినదే. అయితే పల్లెలలో పుట్టి పెరిగిన మనము ఇందులో మరియొక సంగతిని గూడ గమనింపవచ్చును. చెట్టు కాయనప్పుడు ఆ తోటమాలి దృష్టి వేళ్ల దగ్గరి మన్నుమీదికి పోయెను.

ఇప్పుడు పట్టణపు అంగళ్లలో సేంద్రియ బియ్యము, సేంద్రియ కందిపప్పు, సేంద్రియ బెల్లము అని చీటీ అంటించి ఎక్కువ ధరకు అమ్ముచున్నారు. పట్నములో ఉద్యోగము చేయు కుమారుడు క్రిస్మసు పండుగకు ఇంటికి వచ్చి, మందులు కొట్టిన కూరలు వండవద్దని తల్లితో చెప్పుచున్నాడు. ఎరువు బస్తా వేయనిదే గింజ యెట్లు రాలునని తండ్రి అడుగుచున్నాడు. ఇద్దరి మాటలోను కొంత నిజమున్నది. ఎక్కువ వెల పెట్టి సేంద్రియ ఆహారము కొనుట తగునా? మన చేలలో మందులు మాని, శ్రమపడి పండించుట తగునా? ఈ ప్రశ్నను లోకము ముందర పెట్టిన వారిలో ముఖ్యుడు ఆల్బర్ట్ హోవార్డు అను ఆంగ్లేయుడు. ఆయన ఈ సంగతిని నేర్చుకొన్నది మన దేశపు రైతుల యొద్దనే. కాబట్టి ఆయన జీవితమును తెలిసికొనుట మనకు మేలు.

రైతు బిడ్డ

హోవార్డు 1873వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన ఇంగ్లండులోని ష్రాప్‌షైరు ప్రాంతమందు, బిషప్స్ క్యాసిల్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి వ్యవసాయదారుడు. పశువుల కొట్టము, పెంటపోగు, దున్నిన చాలు, కోతకాలపు తొందర, ఇవన్నియు ఆయన చిన్ననాటనే ఎరుగును. లండనులోను, తరువాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములోను ప్రకృతి శాస్త్రములు చదివి మొదటి శ్రేణిలో కృతార్థుడయ్యెను. 1897లో వ్యవసాయశాస్త్రములో డిప్లొమా గూడ పొందెను.

1899లో ఆయనను వెస్టిండీసు దీవులలోని బార్బడోసుకు పంపిరి. అక్కడ చెరకు మొదలగు పైరులకు వచ్చు బూజు తెగుళ్లను పరిశోధించుట ఆయన పని. తెగులు సోకిన ఆకును సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచును. దాని పేరును లక్షణమును వ్రాయును. రైతులకు సలహా చెప్పును. పని గౌరవమైనదే గాని ఆయన మనస్సునకు నెమ్మది లేకపోయెను. ఏలయనగా తాను చెప్పు సలహాను తానే పెట్టి చూచుటకు ఆయన చేతిలో కుంట నేలయైనను లేదు. రోగమును గూర్చి ఎంతో చదివినను, రోగము రాని పైరును గూర్చి తనకు తెలిసినది చాల తక్కువ అని ఆయన గ్రహించెను.

1903లో ఇంగ్లండునకు తిరిగి వచ్చి వై అను ఊరి వ్యవసాయ కళాశాలలో పనిచేసెను. అక్కడి రైతులు హాప్సు అను తీగ పంటను పెంచుచు, కాయని మగ తీగలు దండుగయని వాటిని పెరికివేయుచుండిరి. మగ తీగలను కొన్నిటిని తోటలో ఉండనిచ్చినయెడల ఆడ తీగల కాపు త్వరగా ఎదుగుటయు, పేనును బూజును బాగుగా తట్టుకొనుటయు హోవార్డు కనుగొనెను. సృష్టి క్రమములో పనికిమాలినదని మనము త్రోసివేసినది కొన్నిసార్లు చాల అవసరమైనదై యుండును. ఈ పాఠమును ఆయన తన జీవితకాలమంతయు మరువలేదు.

పూసాలో ఆయన గురువులు

1905లో హోవార్డు మన దేశమునకు వచ్చెను. బీహారులోని పూసా గ్రామమునందు ప్రభుత్వము క్రొత్తగా స్థాపించిన వ్యవసాయ పరిశోధనాలయములో వృక్షశాస్త్రజ్ఞునిగా నియమింపబడెను. ఆ యేడే గేబ్రియెల్ మత్తై అను విద్యావంతురాలిని వివాహమాడెను. మొక్కలు వెలుతురుచేత తమ ఆహారమును చేసికొను విధమును ఆమె కేంబ్రిడ్జిలో పరిశోధించియుండెను. 1930లో ఆమె మరణించువరకు, భార్యాభర్తలు ఒక్క నాగలికి కట్టిన జతవలె ఇరువది యైదేండ్లు కలిసి పనిచేసిరి. దేశవాళీ గోధుమలనుండి ఏరియు, సంకరము చేసియు వారు తీసిన పూసా 4, పూసా 12 అను రకములు ఉత్తర దేశములో లక్షల ఎకరములలో సాగయ్యెను. హోవార్డు పాతను గుడ్డిగా పట్టుకొని క్రొత్త విద్యను ద్వేషించినవాడు కాడని దీనివలన తెలియుచున్నది. మేలైన విత్తనమును ఆయన స్వయముగా తీసియిచ్చెను.

పూసాలో ఆయనకు సుమారు 75 ఎకరముల నేల ఇచ్చిరి. ఇప్పటికి తన సలహాను తానే పరీక్షించుకొను అవకాశము దొరికెను. అయితే ఆయన మొదట చేసిన పని చుట్టుపట్ల గ్రామముల రైతుల చేలను చూచుట. ఆ రైతులు పురుగుమందు ఎరుగరు. తెగులు మందు ఎరుగరు. కొనుటకు వారియొద్ద డబ్బును లేదు. అట్లయినను వారి పైరులు పరిశోధనాలయపు పైరులకంటె ఆరోగ్యముగా నుండెను. ఇది ఆయనకు ఆశ్చర్యమును, ఒక విధముగా సిగ్గును గూడ కలిగించెను. ఆ రైతులను, పైరును పట్టు పురుగులను తన గురువులుగా ఎంచి కొన్ని సంవత్సరములు శ్రద్ధతో గమనింప నిశ్చయించుకొనెను.

ఆయన చూచినదేమి? ధాన్యపు పైరుతో పప్పు జాతి పైరును కలిపి విత్తుచున్నారు. జొన్నలో కంది వేయుచున్నారు. పప్పు జాతి మొక్కల వేళ్ల బుడిపెలలో గాలిలోని నత్రజనిని పట్టు సూక్ష్మజీవులు కలవని అప్పటికే శాస్త్రజ్ఞులు కనుగొనియుండిరి. ఆ రైతు తాతముత్తాతలనాటి అనుభవముచేతనే దానిని ఎరుగును. కొట్టములో పోగైన పెంట, ఇంటి బూడిద, ఆకు అలము చేనికి చేరుచున్నవి. నేలకు తగిన రకము, అదనుకు తగిన విత్తు, లోతుకు తగిన దుక్కి. ఇవి సరిగా నున్నచోట పురుగు తక్కువ. నీరు నిలిచి వేళ్లకు గాలి అందనిచోట, మన్నులో సత్తువ లేనిచోట పురుగు ఎక్కువ. పురుగు పైరుకు శత్రువే గాని, అది వచ్చినప్పుడు రైతు తన మన్నును ఒకసారి పరీక్షించుకొనవలెనని చెప్పు వార్తాహరుడు గూడ అని హోవార్డు తలంచెను.

ఎద్దుల సంగతి

1910లో ఆయనకు సొంత ఎద్దులను ఉంచుకొనుటకు అనుమతి దొరికెను. ఆరు జతలను తెప్పించి, మంచి కొట్టములో కట్టి, సత్తువగల నేలలో పెరిగిన పచ్చిమేతను పెట్టి పోషించెను. ప్రక్కనే పరిశోధనాలయపు పశువులకు గాలికుంటు వ్యాధి వచ్చుచుండెడిది. నడుమ తక్కువ యెత్తు కంచె మాత్రమే కలదు. ఆయన ఎద్దులు ఆ కంచెమీదుగా రోగపు పశువులతో ముట్టె రాచుకొనుచుండెను. అయినను తన ఎద్దులకు వ్యాధి సోకలేదని ఆయన తరువాత వ్రాసెను.

ఈ సంగతి చదివి మనము తొందరపడరాదు. ఇది ఒకరి కొట్టములోని కొన్ని ఎద్దుల కథ. మంచి మేత పశువునకు బలమిచ్చును, సందేహము లేదు. గాని గాలికుంటునకు టీకా వేయింపక మేతనే నమ్ముకొమ్మని ఇప్పటి పశువైద్యుడెవడును చెప్పడు. మనమును అట్లు చేయరాదు. హోవార్డు కన్ను చురుకైనది. అయితే తాను చూచినదానినుండి కొన్నిసార్లు ఆయన చూడనంత దూరము పోయెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొని ముందుకు పోవుదము.

ఇండోరు కుప్ప

పూసాలో పని పలు శాఖలుగా చీలియుండెను. వేళ్లు ఒకరివి, ఆకులు ఒకరివి, పురుగు మరియొకరిది, మన్ను ఇంకొకరిది. పైరు మాత్రము ఒక్కటే గదా అని హోవార్డు విసిగి, 1924లో మధ్య భారతములోని ఇండోరునకు పోయి అక్కడ క్రొత్తగా ఏర్పడిన సస్య పరిశోధన సంస్థకు అధ్యక్షుడయ్యెను. అది ప్రత్తి పండు నల్లరేగడి నేల. మన రాయలసీమ, తెలంగాణ రైతులు ఎరిగినటువంటిది. సంస్థకు సుమారు 300 ఎకరముల భూమి యుండెను.

అక్కడ ఆయనను బాధించిన ప్రశ్న ఇది. పశువుల పేడలో పెద్ద భాగము పిడకలై పొయ్యిలో కాలిపోవుచున్నది. వంటచెరకు లేనందున పేదరాలు మరేమి చేయును? మిగిలిన కొద్ది పెంట పొలమంతటికిని చాలదు. మరియొక ప్రక్క ప్రత్తి కట్టె, చెరకు ఆకు, కలుపు మొక్కలు, రాలిన ఆకులు వ్యర్థమై పోవుచున్నవి. ఈ రెంటిని కలిపి, కొంచెము పేడతోనే ఎక్కువ ఎరువు చేయు మార్గమేది? చీనా దేశపు రైతులు వందల ఏండ్లుగా అట్లు చేయుచున్నారని అమెరికా పండితుడు కింగు 1911లో వెలువడిన పుస్తకములో వ్రాసియుండెను. హోవార్డు దానిని చదివి, యశ్వంత్ వాడ్ అను భారతీయ రసాయన శాస్త్రజ్ఞునితో కలిసి ఏండ్ల తరబడి పరీక్షలు చేసెను.

వారు తేల్చిన పద్ధతి ఏ పల్లెలోనైనను చేయదగినది. మోటు కట్టెను బండ్ల బాటమీద పరచి చక్రముల క్రింద నలుగనిత్తురు. పలు రకముల చెత్త మూడు నాలుగు పాళ్లు, పశువుల పెంట ఒక పాలు తీసికొందురు. లోతు తక్కువైన గోతిలో చెత్త ఒక వరుస, పెంట ఒక వరుస పరచుదురు. పశువుల మూత్రము ఇంకిన కొట్టపు మన్నును, కట్టె బూడిదను పైన చల్లి నీళ్లు చిలుకరింతురు. కుప్పను త్రొక్కరాదు, గాలి ఆడవలెను. నీరు నిలువరాదు, తడి ఆరరాదు. కొన్ని దినములలో కుప్ప వేడెక్కి సుమారు 65 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పోవును. ఆ వేడిమికి కలుపు విత్తనములును చాలమట్టుకు రోగక్రిములును చచ్చును. నడుమ నడుమ కుప్పను తిరుగవేసిన యెడల మూడు నెలలకు దుర్గంధము లేని, చేతికి పొడిపొడిగా నలుగు నల్లని ఎరువు సిద్ధమగును. పచ్చి పేడను నేరుగా ఆకుకూరలమీద వేయుటకంటె ఇది శుభ్రమైనది.

నేలనుండి తీసికొన్నదానిని నేలకు తిరిగి ఇయ్యవలెనను నియమమే ఈ కుప్పకు మూలము. హోవార్డు 1931లో వాడ్‌తో కలిసి ఈ పద్ధతిని పుస్తకముగా ప్రకటించి, ఆ యేడే ఉద్యోగము విరమించి ఇంగ్లండునకు వెళ్లెను.

మన డిచ్‌పల్లిలో

ఈ చరిత్రలో మన తెలుగు సంఘములకు దగ్గరి సంగతి యొకటి కలదు. నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనరీలైన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారును, ఆమె భర్త జార్జి కెర్ దొరగారును 1915లో కుష్ఠు వ్యాధిగ్రస్తులకొరకు ఆసుపత్రి నెలకొల్పిరి. ఊరివారు వెలివేసిన రోగులు అక్కడ చికిత్స పొందుచు పొలము పనియు తోట పనియు చేసికొనుచుండిరి. ఇండోరు పద్ధతి వెలువడిన తరువాత అక్కడ కంపోస్టు చేసి వరిపైరునకు వేసిరి. పైరు బాగుపడిన సంగతిని హోవార్డు 1940 నాటి తన గ్రంథములో ప్రస్తావించెను. పనికిరానివారని లోకము త్రోసివేసినవారు, పనికిరానిదని లోకము పారవేసిన చెత్తతో నేలను బాగుచేసిరి. దీనికి వేరే వ్యాఖ్యానము అక్కరలేదు.

ఇంగ్లండులో వాదము

1934లో ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదమిచ్చెను. ఆ కాలమునాటికి ఐరోపాలో రసాయన ఎరువుల వాడుక పెరుగుచుండెను. మొదటి ప్రపంచ యుద్ధములో ప్రేలుడు సామగ్రికొరకు గాలినుండి నత్రజనిని పట్టు కర్మాగారములు కట్టిరి. యుద్ధము ముగిసిన తరువాత ఆ విద్య ఎరువుల తయారీకి మరలెను. ఉప్పువలె నుండు ఎరువు చల్లినంతనే పైరు పచ్చబడుట చూచి రైతులు సంతోషించిరి. అయితే నత్రజని, భాస్వరము, పొటాషు అను మూడింటిని లెక్కగట్టి వేసినంత మాత్రమున నేల బాగుండదని హోవార్డు వాదించెను. మన్ను సజీవమైనది, అందులోని వానపాములు, సూక్ష్మజీవులు, వేళ్లతో జతగూడి జీవించు సన్నని బూజు దారములు ఆకలితో మాడినయెడల కొంతకాలమునకు పైరును మాడునని ఆయన హెచ్చరించెను.

1940లో వెలువడిన ఆయన గ్రంథము చాల దేశములలో చదువబడెను. సేంద్రియ వ్యవసాయమను అర్థము గల ఆంగ్ల మాటను నార్త్‌బోర్న్ ప్రభువు ఆ సంవత్సరమే తన పుస్తకములో వాడెను. 1942లో రోడేల్ అను అమెరికావాడు హోవార్డు బోధలను ప్రచురించుటకు పత్రిక పెట్టెను. 1943లో ఈవ్ బాల్ఫోర్ అను స్త్రీ ఒక గ్రంథము వ్రాసెను. 1946లో ఆమెయు స్నేహితులును ఇంగ్లండులో మృత్తికా సంఘమును స్థాపించిరి. ఇట్లు మన దేశపు పెంటకుప్పనుండి బయలుదేరిన ఆలోచన సముద్రములు దాటెను. మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన రెండు నెలలకు, 1947 అక్టోబరు 20వ తేదీన హోవార్డు మరణించెను.

నిలిచినది, నిలువనిది

ఆయన మాటలలో ఏది కాలమునకు నిలిచెను? మన్నును గూర్చి చెప్పినది నిలిచెను. ఇంగ్లండులోని రోథంస్టెడ్‌లో 1843 నుండి ఒకే చేనిలో గోధుమ పైరుమీద పరీక్ష జరుగుచున్నది. ఏటేట పశువుల పెంట వేసిన మడిలో మన్ను సత్తువ రెండింతలకు మించి పెరిగెను. కాని అక్కడనే మరియొక సంగతి గూడ తేలెను: తగిన పాళ్లలో రసాయన ఎరువులు వేసిన మడులలోను దీర్ఘకాలము మంచి దిగుబడియే వచ్చెను. కాబట్టి ఎరువు బస్తాయే విషమను మాట సరికాదు. ఇప్పుడు లోకములోని జనులలో ఇంచుమించు సగముమంది ఆహారము రసాయన నత్రజనిమీద ఆధారపడియున్నదని శాస్త్రజ్ఞుల అంచనా.

మంచి మన్నులో పండిన ఆహారము తిన్నవారికి రోగములు రావని హోవార్డు దృఢముగా నమ్మెను. ఇది ఆయన ఆశించినంతగా రుజువు కాలేదు. మన కూనూరులో పరిశోధన చేసిన మెకారిసన్ వైద్యుని పని ఆయనకు పెద్ద ఆధారము. మెకారిసన్ ఎలుకలకు మన దేశములోని వేర్వేరు ప్రాంతముల భోజనము పెట్టి చూచెను. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు తిన్న ఎలుకలు బలిసెను. పాలిష్ పట్టిన బియ్యమే ఎక్కువగా తిన్నవి నీరసించెను. దీనినిబట్టి మొదట తేలునది ఏమి తినుచున్నామన్నదే. ఎట్లు పండించితిమన్నది దాని తరువాతి మాట. ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు మారి, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థయని పిలువబడుచున్నది.

ఈవ్ బాల్ఫోర్ తన పొలములో సుమారు 30 ఏండ్లు రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినను, పంటల పోషణలో స్పష్టమైన పెద్ద భేదము తేలలేదు. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు పండితులు 200కు పైగా పరిశోధనలను సరిచూచి, సేంద్రియ ఆహారము ఎక్కువ పోషకమను మాటకు బలమైన ఆధారము లేదనియు, అందులో పురుగుమందుల అవశేషములు మాత్రము తక్కువనియు చెప్పిరి. 2014లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పండితులు ముఖ్యులుగా చేసిన మరియొక పరిశీలనలో సేంద్రియ పంటలయందు కొన్ని మేలైన పదార్థములు ఎక్కువగాను, కాడ్మియమను చెడు లోహము తక్కువగాను కనబడెను. అవశేషముల విషయములో ఇద్దరును ఏకీభవించిరి. దిగుబడి సంగతి చూడగా, సేంద్రియ పంట 5 మొదలు 34 శాతము వరకు తక్కువని 2012 నాటి ఒక పెద్ద పరిశీలన చెప్పెను; పైరునుబట్టి, నేలనుబట్టి భేదముండును. 2021లో శ్రీలంక ప్రభుత్వము రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధింపగా వరి దిగుబడి పడిపోయెను. కొన్ని నెలలకే నిషేధమును సడలింపవలసి వచ్చెను. హోవార్డు ఒక్క పొలమును అర్థము చేసికొనుటకే ఏండ్లు పట్టెను. దేశమునంతటిని ఒక్క ఉత్తరువుతో మార్చబూనుట ఆయన మార్గము కాదు.

మన ఇండ్లలో, మన చేలలో

అట్లయిన మనమేమి చేయవలెను? మొదట ఎరువును పురుగుమందును వేరుగా చూడవలెను. ఎరువు అతిగా వేసినయెడల నేలయు నీరును చెడును, డబ్బు వృథా యగును. పురుగుమందు మనుష్యునే తాకును. కూర తినువానికంటె ముందుగా, ఎక్కువగా దానిని పీల్చువాడు మందు కొట్టు కూలివాడు. చేతికి తొడుగు లేక, ముక్కుకు గుడ్డ లేక, ఎదురుగాలిలో ప్రత్తికిని మిరపకును మందు కొట్టి పడిపోయినవారిని మన పల్లెలు ఎరుగును. సేంద్రియ పంట కొనదగినదా అని అడుగునప్పుడు పట్నవాసి తన పళ్లెమును మాత్రమే తలంచుచున్నాడు. ఆ కూలివాని ఊపిరిని గూడ లెక్కలో చేర్చినయెడల ప్రశ్నకు బరువు పెరుగును.

మార్గము లేకపోలేదు. అప్పటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామపు రైతులు మందుల అప్పులతోను విషపు బాధలతోను విసిగి, వేపగింజల కషాయము, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయము మొదలగు ఉపాయములతో ప్రత్తి పండించి, 2003లో తమ ఊరు పురుగుమందులు మానినదని ప్రకటించుకొనిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము నడుచుచున్నది. మొదలుపెట్టదలచినవారు ఒక్కసారి పొలమంతయు మార్చక, అర ఎకరములో పరీక్షించి, ఖర్చును రాబడిని వ్రాసికొని, పైయేడు పెంచుకొనుట వివేకము. జీలుగ, జనుము చల్లి కలియదున్నుట, కందిని కలిపి విత్తుట, చెత్తను తగులబెట్టక కుప్ప వేయుట, ఇవి ఎరువు బస్తా వాడువారును చేయదగినవే. బస్తాల సంఖ్య దీనివలన తగ్గును.

కొనువారి మాట. చేతిలో డబ్బున్నవారు, నమ్మదగిన రైతుయొద్ద గాని, ప్రభుత్వము గుర్తించిన జైవిక్ భారత్ ముద్ర చూచి గాని సేంద్రియ పంట కొనుట మంచిదే. మందులు మానిన రైతునకు ఆ ఎక్కువ ధర ఊతమగును. గాని డబ్బు తక్కువైన ఇంటిలో, సేంద్రియము కొనలేమని కూరలే తగ్గించుకొనుట పెద్ద నష్టము. బిడ్డకు ఆకుకూర, పప్పు, గ్రుడ్డు, పాలు దొరకుట ముఖ్యము. అవి ఏ అంగడివైనను బాగుగా కడిగి వండి పెట్టవలెను. ఇక పెరడున్న ప్రతి యింటిలోను తోటకూర, మునగ, బెండ, సొరపాదు వేసికొని కుప్ప ఎరువుతో పెంచుటకు రొక్కము అక్కరలేదు. అందరికిని అందు సేంద్రియ ఆహారము అదియే.

రోమా సంఘములో తిండిని గూర్చి వాదములు పుట్టినప్పుడు, తినువాడు తిననివానిని తృణీకరింపరాదనియు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చరాదనియు పౌలు బోధించెను (రోమా 14). సేంద్రియము తినువాడు దానిని గొప్పతనపు గుర్తుగా చేసికొనరాదు. తిననివాడు మందుల అపాయమును నవ్వి త్రోసివేయరాదు. హోవార్డు కొన్నిచోట్ల అతిగా నమ్మెను, ఒకచోట సరిగా చూచెను. ఆ సరియైన చోటు ఉపమానములోని తోటమాలి ఎరిగినదే: ఫలము కోరువాడు ముందుగా మన్నునకు ఇయ్యవలెను.

కూటములలో ఆలోచించుటకు

1. మన యింటి చెత్త, పశువుల పెంట, పంట మోడులు ఏటేట ఎక్కడికి పోవుచున్నవి?

2. మన చేలలో మందు కొట్టు కూలివారికి తొడుగులు, ముక్కు గుడ్డ, స్నానమునకు సబ్బు ఎవరు ఇచ్చుచున్నారు?

3. మందిరపు ఆవరణలో ఒక కంపోస్టు గొయ్యి, ఒక కూరమడి పెట్టుటకు యౌవనస్థుల సంఘమును స్త్రీల సమాజమును ఏమి చేయగలవు?